గీతకు అవతలి ఇల్లు

జూన్ 3

చంటీ,

మెషిను మీద కొట్టి పంపుతున్నానని కోప్పడకు. చేత్తో రాస్తే నా రాత నాకే అర్థం కావడం లేదు. పైగా ఈ టైపు మెషిన్లను ఎవరో ఒకరు కదిలించకపోతే తుప్పు పట్టి ఊరుకుంటాయి. నేర్చుకుంటామని వచ్చే పిల్లలు ఎప్పుడో తగ్గారు, మీ బావ పోయాక అసలు మానేశారు. ఆయన ఉన్నప్పుడు పొద్దున బ్యాచీ, సాయంత్రం బ్యాచీ అని ముందు గదిలో చెవులు చిల్లులు పడే మోత. తలనొప్పి అని రోజూ ఆయన్ని సాధించేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే లేచి బెంచీలన్నీ తుడుస్తాను, తుడిచాక నేనే ఒక బెంచీ మీద కూర్చుంటాను.

నిన్న పెంకుల ఫ్యాక్టరీ టైంకీపరు వచ్చాడు. మీ నగరం మా కాలనీని తనలో కలుపుకోబోతోందట కదా. వీళ్లు వద్దంటున్నారు. మన కాలనీకి మనమే ఒక మునిసిపాలిటీ పెట్టుకుందాం, అర్జీ కొట్టివ్వమ్మా అని అడిగాడు. నగరానికి మన ఫ్యాక్టరీ పన్ను మీద ప్రేమే గానీ మన మురిక్కాలవ మీద కాదు అంటాడు. మనిషి మాటకారి.

నాకైతే ఎవరి కింద ఉంటే ఏంటి అనిపించింది. వెనక గది ఖాళీగా ఉంది. నువ్వొచ్చి అందులో ఉంటే చాలు, ఈ ఇల్లు ఏ ఊళ్లో ఉందని నేను అడగను. నీకూ పెళ్లాం పిల్లలు లేకపోయె. ఇద్దరం రెండు చోట్ల రెండు పొయ్యిలు వెలిగించుకోవడం ఎందుకు?

అక్క

జూన్ 14

అక్కకు నమస్కారాలు.

నీ కవరు విప్పగానే ఉలిక్కిపడ్డాను. మా ఆఫీసులో మెమోలు అచ్చం ఇలాగే ఉంటాయి. "చంటీ" అన్న మాట కనపడ్డాకే ఊపిరి పీల్చుకున్నాను. యాభై దాటినవాణ్ని ఇంకా చంటీ అనే మనిషి ఈ లోకంలో నువ్వొక్కతెవే.

రావాలని నాకు లేదా అక్కా? రూలు సంగతి చెప్పాను కదా. నగరం ఉద్యోగి నగరం హద్దుల్లోనే కాపురం ఉండాలి. మా మ్యాపుల సెక్షన్లోనే ఒకాయన హద్దు దాటి అత్తగారింట్లో ఉంటున్నాడని తెలిసి ఉద్యోగం తీసేసి పంపేశారు. మీ ఇంటి ముందు పెద్ద రోడ్డుంది చూడు, దానికి ఇవతల దాకా మాది, అవతల మీది. నీ గుమ్మం నుంచి రాయి విసిరితే నగరంలో పడుతుంది. ఏం లాభం? నేనుండేది ఈ కొసన. మూడు బస్సులు మారి, భోజనం వేళకు నీ దగ్గరికి చేరి, చెయ్యి కడుక్కోగానే మళ్లీ బస్సు కోసం పరుగు.

కాబట్టి మీ కాలనీ మా నగరంలో కలిస్తే నాకంటే సంతోషించేవాడు ఉండడు. మర్నాడే పెట్టె సర్దుకుంటాను. మీ దగ్గర్లో వార్డు ఆఫీసు పెడతారు, బదిలీ అడుగుతాను. నువ్వు అర్జీ కొట్టివ్వు, కూలి తీసుకో, అంతటితో ఊరుకో. వాళ్లతో పెట్టుకోకు.

ఆదివారాలు నోరు విప్పే పనే ఉండదు నాకు. సోమవారం ఆఫీసులో మొదటి మాట బొంగురుగా వస్తుంది. జలుబా అని అడుగుతారు, అవునంటాను.

తమ్ముడు

జూలై 6

చంటీ,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. చేతినిండా పని. అర్జీ ఒకటి కొట్టిస్తే అయిపోతుందనుకున్నానా, ఇంటింటికీ కాపీ కావాలట. టైంకీపరు, మందుల షాపాయన, సందులో నా వెనకింటి టీచరమ్మ, వీళ్లు ముగ్గురూ రోజూ సాయంత్రం ఇక్కడే. వీళ్ల వెనక ఫ్యాక్టరీ వాళ్లు, వాళ్ల ఆడవాళ్లు. కాలనీ మొత్తం మీద ఇంతమంది కూర్చోవడానికి బెంచీలున్నది మన ముందు గదిలోనే కదా. కాలనీ కమిటీ అని పేరు పెట్టారు, నన్ను కార్యదర్శిని చేశారు. నాకెందుకయ్యా ఈ గొడవ అన్నాను. నీ గదిలో కూర్చుని నిన్ను వదిలేస్తామా అన్నారు.

మొన్న మీటింగులో మాట్లాడాను కూడా. మా వీధి కుళాయి కోసం నగరం చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో చెప్పాను. ఎవరికీ నిద్ర రాలేదు, అదే గొప్ప. టీచరమ్మ చెల్లెళ్లు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి నాతో మాట్లాడిపోయారు.

వంటింట్లో ఏదో మాడుతోంది. ఉంటాను.

అక్క

జూలై 20

అక్కా,

గడిచిన ఆదివారం నేను వచ్చాను. నీకు తెలిసి ఉండదు.

చెప్పకుండా వచ్చి నిన్ను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. గుమ్మం బయట దాకా చెప్పులే. లోపల కాలు పెట్టే చోటు లేదు. చివరి బెంచీ మీద ఇంత జాగా ఇచ్చారు, కూర్చున్నాను. నువ్వు బల్ల దగ్గర నిలబడి మాట్లాడుతున్నావు. నీ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. పక్కనున్నాయన నాకు టీ గ్లాసు అందించి, కొత్తగా వచ్చారా, ఏ వీధి అని అడిగాడు. అర్జీ మీద సంతకం పెట్టమన్నాడు. కళ్లజోడు తేలేదని చెప్పి తప్పించుకున్నాను. మీటింగు అయ్యేలోపు బస్సు పోతుందని లేచి వచ్చేశాను.

నీ మీద కోపం లేదు. చాలా రోజుల తర్వాత నిన్ను నవ్వుతుండగా చూశాను. కాకపోతే ఆ నవ్వు నా వైపు లేదు.

తమ్ముడు

జూలై 29

నా తండ్రీ,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. ఇంటి గుమ్మంలోకి వచ్చినవాణ్ని చూడలేకపోయాను, నా కళ్లు పేలిపోను. నువ్వైనా "అక్కా" అని ఒక్క కేక పెట్టొచ్చు కదా. నీకు చిన్నప్పటి నుంచీ అంతే, ఆకలేస్తే అడగవు, అలిగి మంచం కింద దూరతావు.

మీటింగు లేని రోజు చూసుకుని రా. ఏ రోజు ఉండదో చెబుదామంటే అన్ని రోజులూ ఉంటోంది. సర్కారు వేసిన కమిషన్ వాళ్లు వస్తారట, మా మాట విని వోటింగు పెట్టాలో వద్దో తేలుస్తారట. అది అయ్యాక తీరిగ్గా కూర్చుందాం. ఈ ఇల్లు నీది కాదా?

అక్క

సెప్టెంబర్ 2

అక్కకు నమస్కారాలు.

నీకు తెలిసే ఉంటుంది. కమిషన్ మీ మాటే విన్నది. మీ కాలనీ వాళ్లే వోటు వేసి తేల్చుకోవచ్చు. ముందు హద్దు గీయాలి, ఆ తర్వాతే వోటు. హద్దుకు లోపల కాపురమున్నవాళ్లకే వోటు, వాళ్లకే పదవులు. గీత గీసే పని మా సెక్షన్‌కు వచ్చింది. మా హెడ్డు కాగితాలు నా బల్ల మీద పడేసి, మీ అక్కగారి ఊరే కదా, నువ్వే కానివ్వు అన్నాడు.

నాకు మనసు బాగా లేదు. మీ మునిసిపాలిటీ వస్తే నేను రిటైరయ్యేదాకా ఈ సైకిల్ షాపు మీది గదిలోనే. రోజంతా కింద గంటలు మోగిస్తూనే ఉంటారు. ఒక్కటీ నా కోసం మోగేది కాదు.

నువ్వు జూన్‌లో ఒక మాట రాశావు. అది నేను మర్చిపోలేదు. నీ ఇంటి సంగతి నాకు వదిలెయ్, నేను చూసుకుంటాను.

తమ్ముడు

సెప్టెంబర్ 9

చంటీ,

నీ ఉత్తరం మీటింగులో గట్టిగా చదివి వినిపించాను. సొంత గొడవ ఉన్న ముక్కలు వదిలేశాన్లే. మా తమ్ముడే గీస్తున్నాడని అందరికీ చెప్పాను. కాలరెగరేసుకుని తిరుగుతున్నాను, ఆడదానికి కాలరేంటని మందుల షాపాయన వెక్కిరింపు.

ఇంటి సంగతి చూసుకుంటానన్నావు, సంతోషం. రోడ్డు వెడల్పు పేరుతో మన ప్రహరీ మీదికి రాకుండా చూడు. మీ బావ కట్టించుకున్న గోడ. జూన్‌లో ఏం రాశానో నాకు గుర్తు లేదు, ఏదో ఒంటరిగా ఉండి రాసి ఉంటాను.

అక్క

అక్టోబర్ 11

అక్కా,

మ్యాపు వచ్చేసింది. మీ స్కూలు గోడ మీద అతికిస్తారు. దయచేసి నువ్వు స్వయంగా వెళ్లి చూడు. నీ ఇల్లు ఎక్కడుందో వేలు పెట్టి చూడు. నచ్చకపోతే ఈ నెలాఖరులోగా ఒక్క ముక్క రాయి, అభ్యంతరం కింద దిద్దేస్తాను. పెన్సిలు గీతే, చెరిపేయడం ఎంతసేపు. గడువు దాటి అచ్చయ్యాక మాత్రం నా చేతుల్లో ఏమీ ఉండదు.

నీకు నచ్చుతుందనే నా ఆశ. విషయం ఉత్తరంలో రాయను, మా ఆఫీసులో కవర్లు విప్పి చదివేవాళ్లున్నారు.

తమ్ముడు

అక్టోబర్ 19

చంటీ,

చూశాను. చాలా బాగుంది. అందరికీ నచ్చింది. నిన్ను కన్నందుకు అమ్మ ధన్యురాలు.

రేపటి నుంచి ఇంటింటికీ తిరగాలి. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టుంది నా పని.

అక్క

నవంబర్ 8

అక్కకు నమస్కారాలు.

నీ నాలుగు ముక్కల ఉత్తరం జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఒప్పుకుంటావో లేదోనని ఎంత భయపడ్డానో నీకేం తెలుసు. ఇక దాచేది లేదు, హద్దు అచ్చయింది. మీ రోడ్డుకు మా వైపున కొత్తగా పెట్టిన వార్డు ఆఫీసుకు బదిలీ అడిగాను, ఇస్తామన్నారు. ఈ గది ఓనరుకు ఖాళీ చేస్తానని చెప్పేశాను. ఆయన, ఎక్కడికండీ, ఎవరున్నారు మీకు అన్నాడు. మా అక్క ఉందండీ అన్నాను. ఆ మాట అనడం నాకు భలే బాగుంది.

వెనక గదిలో నా డ్రాయింగు బల్ల పడుతుందా?

తమ్ముడు

డిసెంబర్ 1

తమ్ముడూ,

ఇది చేత్తో రాస్తున్నాను. మెషిన్లు స్కూలుకు వెళ్లిపోయాయి.

నిన్న వోటర్ల పేర్లు చదివారు. నా పేరు లేదు. పొరపాటేమో చూడమన్నాను. అందరం మ్యాపు దగ్గరికి వెళ్లాం. టీచరమ్మ వేలు పెట్టి చూపించింది. గీత పెద్ద రోడ్డు వెంట చక్కగా వచ్చి, సరిగ్గా మన ఇంటి దగ్గర రోడ్డు దిగి, మన ప్రహరీ చుట్టూ తిరిగి, వెనక సందులోంచి పోయి, మళ్లీ రోడ్డెక్కింది. కాలనీ అంతా లోపల. నేను ఒక్కదాన్ని బయట. నగరంలో.

నేను మ్యాపు చూడలేదు చంటీ. చూశానని అబద్ధం రాశాను. గుమిగూడి అంగుళం అంగుళం చూద్దామని వాళ్లంటే, మా తమ్ముడి చేతి గీత, వంకర ఉండదు, మీరు పని చూసుకోండి అని నేనే పంపేశాను. అభ్యంతరాల గడువు అలా పోయింది. ఇప్పుడు వాళ్లేమంటున్నారో తెలుసా? తమ్ముడికి నగరంలో ఉద్యోగం, అక్కకు నగరం కుళాయి, బాగా కుదుర్చుకున్నారు అని. మందుల షాపాయన మొహం మీదే అన్నాడు. టైంకీపరు వచ్చి బెంచీలూ మెషిన్లూ స్కూలుకు మోయించుకుపోయాడు. హద్దుకు బయటున్న ఇంట్లో కమిటీ ఆఫీసు ఉండకూడదట. కార్యదర్శి కూడా ఉండకూడదట.

ఎంత ఇచ్చారు నీకు నగరం వాళ్లు? ఉద్యమాన్ని మెడ దగ్గర కోస్తే సరిపోతుందని ఎవరు చెప్పారు నీకు? ముందు గదిలో మాట్లాడితే నా మాట నాకే తిరిగి వినిపిస్తోంది.

మీ అక్క

డిసెంబర్ 7

అక్కా,

ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఎవరూ ఏమీ చెప్పలేదు. మా హెడ్డు మ్యాపు మీద సంతకం పెట్టేటప్పుడు నీ ఇంటిని చూడనైనా లేదు. అది నేను నా కోసం గీసుకున్న గీత.

నువ్వొచ్చి ఉంటే చాలు, ఈ ఇల్లు ఏ ఊళ్లో ఉందని అడగనన్నావు. ఆ మాట పట్టుకున్నాను. మీ కాలనీకి మీ మునిసిపాలిటీ వస్తుంది, నీ ఒక్క ఇల్లు నగరంలో ఉంటే నాకు రూలు అడ్డం రాదు, ఇద్దరికీ మంచిదే అనుకున్నాను. నీకు ఆ బెంచీల మీది మనుషులు అంత కావాలని నాకు తెలియలేదు. ఆ ఆదివారం కళ్లారా చూసి కూడా తెలియలేదు. కాదు, అబద్ధమెందుకు, కొంచెం తెలుసు. తెలిసి కూడా, నేను వస్తే నీకు వాళ్ల అవసరం ఉండదులే అనుకున్నాను.

బాగుందని రాశావు కదా అక్కా. నువ్వు చూసి ఒప్పుకున్నావని నేను ఎగిరి గంతేశాను. దిద్దమని హెడ్డు కాళ్లు పట్టుకున్నాను. మళ్లీ జనాభా లెక్కలయ్యేదాకా హద్దు కదలదన్నాడు. అసలు కమిటీ నాయకురాలి ఇల్లు మన వైపు వచ్చిందా, శభాష్ అని భుజం తట్టాడు. ఆ భుజం ఇంకా మండుతోంది.

బదిలీ ఆర్డరు వచ్చింది. ఏం చేయమంటావో చెప్పు.

చంటి

జనవరి 16

చంటీ,

వోటింగు అయింది. కాలనీ గెలిచింది. నేను స్కూలు గేటు బయట నిలబడి చూశాను. లోపలికి వెళ్లేవాళ్లు కొందరు తల తిప్పుకున్నారు. టీచరమ్మ మాత్రం వోటు వేసి వచ్చి నా పక్కన నిలబడింది. ఆమెకు నీ ఉత్తరం చూపించాను. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, వీణ్ని తిట్టాలో ఏడవాలో తెలియడం లేదు అంది. ఆమె ద్వారా మిగతావాళ్లకూ తెలిసింది. మందుల షాపాయన వచ్చి నోరు జారానన్నాడు.

చాలా ఆలోచించాను. ఇంట్లో నువ్వుంటావు, ఇద్దరం కలిసి ఇంత అన్నం తింటాం, దాని కోసమే కదా ఏడ్చానని అనుకున్నాను. కానీ నిజం వేరు. మీ బావ పోయాక నన్ను పేరు పెట్టి పిలిచి, పని చెప్పి, నువ్వు లేకపోతే కుదరదు అన్నవాళ్లు వీళ్లు. నన్ను అనుమానించింది కూడా వీళ్లే. అయినా నాకు వీళ్లు కావాలి. ఈ ఊరు పుట్టడానికి వేళ్లు నొప్పెట్టేలా కొట్టాను. ఈ ఊరికి చుట్టపుచూపుగా వచ్చిపోలేను.

టీచరమ్మ ఇంటి పక్క గది అద్దెకు తీసుకున్నాను. సందుకు ఇవతల, గీతకు లోపల. ఒక మంచం పడుతుంది, అంతే. ఇల్లు నువ్వు తీసుకో. నీ ఉద్యోగానికి నీ నగరంలోనే ఉంది. తాళంచెవి టైంకీపరు దగ్గర పెట్టాను.

వచ్చాక నన్ను చూడటానికి రావద్దు. నీ మొహం చూస్తే నా కోపం పోతుంది. నాకు ఇంకా కొన్నాళ్లు కోపం కావాలి.

అక్క

మార్చి 2

అక్కకు నమస్కారాలు.

ఇంట్లో దిగాను. నువ్వు వద్దన్నావని నీ గది వైపు రాలేదు. సందు దాటితే నువ్వే, అయినా ఈ ఉత్తరం డబ్బాలో వేస్తే మా నగరం పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి, అక్కడ ముద్ర వేయించుకుని నీ ఊరికి తిరిగి రావాలట.

ముందు గది ఊడ్చాను. బెంచీలు ఉన్నచోట గచ్చు మీద గీతలు పడి ఉన్నాయి, అరిగిపోయి. నేను వెనక గదిలోనే పడుకుంటున్నాను. నీ గదిలో పడుకోవడానికి మనసొప్పలేదు. సాయంత్రం స్కూలు వైపు నుంచి మాటలు వినిపిస్తాయి. నిన్న ఎవరో మాట్లాడుతుంటే అందరూ నవ్వారు. నీ గొంతేమోనని అరుగు మీదికొచ్చి నిలబడ్డాను.

అడిగిందంతా దక్కింది అక్కా నాకు. రూలు అడ్డం లేదు, ఇల్లుంది, ఆఫీసు దగ్గర. ఆదివారం మాత్రం అలాగే ఉంది.

చంటి

మార్చి 9

చంటీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. నువ్వు దాన్ని రాస్తుండగా చూశాను. నా కిటికీలోంచి మన పెరటి అరుగు కనపడుతుంది. అరుగు మీద కూర్చుని రాశావు. ఒకసారి చింపి పారేశావు. ఏం రాస్తున్నాడో, ఏం చింపాడో అని వారమంతా పోస్టుమాన్ కోసం చూశాను. సందు దాటి వచ్చి అడగొచ్చు. అడగలేదు.

నువ్వు చిక్కిపోయావు. ఏం వండుకుంటున్నావో పొగ చూస్తే తెలుస్తోంది, రోజూ మాడబెడుతున్నావు.

విషయానికొస్తాను. గురువారం హద్దు రాళ్లు పాతుతారు. సందులో, మన పెరటి గేటు పక్కన ఒక రాయి వస్తుంది. పాతేటప్పుడు రెండు ఊళ్ల తరఫున ఒక్కొక్కరు దగ్గరుండి చూసి సంతకం పెట్టాలి. మా మునిసిపాలిటీ నన్ను నిలబడమంది. ఆ గీత ఎక్కడ పోతుందో నీ అంత బాగా ఎవరికి తెలుసమ్మా అని మందుల షాపాయన నవ్వాడు. నేనూ నవ్వాను. మీ వార్డు ఆఫీసు తరఫున ఎవరొస్తారని కనుక్కుంటే నీ పేరు చెప్పారు.

అక్కడ మనం ఏమీ మాట్లాడుకోనక్కర్లేదు. రాయి సరిగ్గా నిలబడిందా లేదా చూడటం, సంతకం పెట్టడం, అంతే. కూలీలు తవ్వేదాకా ఎదురెదురుగా నిలబడాలి, ఎంతసేపు పడుతుందో తెలియదు. నేల గట్టిది. తొందరపెట్టొద్దని మేస్త్రీకి చెప్పాను.

ఎండగా ఉంటుంది. కాస్త తిని రా.

అక్క